ఎవరి ఇల్లు రాకాసి ఇల్లు? - వాంకూవర్ పేటల చరిత్ర నుంచి

ఇల్లు పెద్దదైనంత మాత్రాన వికారమైపోదు. తెలంగాణ ఊళ్ళలో గుడిసెల మధ్య కోటలా లేచిన గడికి చుట్టుపక్కల దేనితోనూ పొంతన లేదు. ఎత్తులో లేదు, గోడ మందంలో లేదు, వాడిన రాయిలో లేదు. దాని దౌర్జన్యం మీద పాటలు పుట్టాయి, పోరాటం జరిగింది. కానీ ‘ఈ గడి మా వీధి అందం చెడగొట్టింది’ అని పంచాయితీ పెట్టే హక్కు వెట్టి చేసేవాడికి ఎక్కడిది? అదే ఊళ్ళో మాలవాడలోనో మాదిగవాడలోనో ఒకాయన పూరికప్పు పీకి పెంకు వేయించుకుంటే ఊరి కళ్ళన్నీ దాని మీదే పడతాయి. ‘వీడికెందుకురా ఇంత ఇల్లు’ అంటారు. అంటే లెక్కలోకి వచ్చేది ఇంటి కొలత ఒక్కటే కాదు, ఇంటివాడి కొలత కూడా.

ఈ మాట మేం కొత్తగా కనిపెట్టింది కాదు. ‘అంటరానివాళ్ళు లేదా భారతదేశపు గెట్టో బిడ్డలు’ అనే రచనలో అంబేడ్కర్ ఊరు వాడ మీద పెట్టిన కట్టడిని ఒక్కొక్కటిగా రాసిపెట్టాడు. ఆయన బతికుండగా అది అచ్చు కాలేదు. మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన ఆయన రచనల ఐదో సంపుటంలో 1989లో వచ్చింది. వాడ ఊరికి దూరంగా ఉండాలి, దక్షిణ దిక్కునే ఉండాలి. భూమీ గొడ్డూ కూడబెట్టుకోవడం నేరం. శుభ్రమైన బట్ట, చెప్పు, గడియారం, బంగారం నేరం. వీటి మధ్యనే ఉంటుంది, ఇంటికి పెంకు కప్పడం నేరమని. పెంకు చేసేవాడికీ మోసేవాడికీ అది తన నెత్తి మీద ఉండే యోగ్యత లేదు! పెంకుటిల్లు అందంగా ఉందా లేదా అన్న చర్చ అక్కడ రానే రాదు. అది ఉండకూడని చోట ఉంది, అంతే.

దీన్ని చేతిలో పెట్టుకుని మేం సముద్రాల అవతలి ఒక నగరం దాకా పోదలుచుకున్నాం. కెనడా పడమటి తీరాన ఉన్న వాంకూవర్‌లో 1980ల చివరా 1990ల మొదట్లోనూ ఇళ్ళ అందచందాల మీద పెద్ద గొడవ నడిచింది. పాత ఇళ్ళు పడగొట్టి వాటి స్థానంలో కట్టిన భారీ ఇళ్ళని అక్కడి పత్రికలు ‘మాన్‌స్టర్ హౌస్’ అన్నాయి. రాకాసి ఇల్లు అనుకోండి. కట్టించుకున్నవాళ్ళలో, కొనుక్కున్నవాళ్ళలో చాలామంది హాంకాంగ్ నుంచి వచ్చిన చైనీయులు. గొడవ ఇంటి గురించేనని ఒక పక్షం, మా గురించేనని రెండో పక్షం. మా ఉద్దేశంలో రెండూ నిజమే, అందుకే ఈ చరిత్ర మన చదువరులకి పనికొస్తుంది.

ముందు ఇంటి సంగతే చూద్దాం. వాంకూవర్‌లో మామూలు ప్లాటు 33 అడుగుల వెడల్పు, దాదాపు 120 అడుగుల పొడవు. పడమటి వైపు పేటల్లో, అంటే కెరిస్‌డేల్, షాగ్‌నెసీ లాంటి చోట్ల, ప్లాట్లు ఇంకా వెడల్పు. 1920లలో కట్టిన పాత ఇల్లు ఆ ప్లాటులో కొంత భాగమే ఆక్రమించేది. ముందు పచ్చిక, పక్కన మొక్కల కంచె, వెనక పళ్ళచెట్లు, కప్పు బాగా వాలుగా కిందికి దిగి ఇంటి ఎత్తుని దాచేది. కొత్త ఇల్లు అలా కాదు. మునిసిపాలిటీ ఎంత వదలమందో అంతే వదిలి, మిగతాదంతా నింపేసింది. గోడలు నిలువుగా రెండంతస్తులు లేచాయి. తలుపు రెండు రెక్కలది, దానిపైన అంతే ఎత్తు కిటికీ. లోపలికి అడుగుపెడితే రెండంతస్తుల ఎత్తున్న హాలు, అందులో తిరుగుడు మెట్లు, పై నుంచి వేలాడే దీపాల గుత్తి. వీధి వైపు గోడకి ఇటుక పలకలు అతికించి, పక్క గోడలకీ వెనక గోడకీ వట్టి సిమెంటు పూత. పచ్చిక పోయి దాని చోట కార్లు తిరిగే నేల వచ్చింది. చెట్లు కొట్టేశారు.

ఇది బాగోలేదంటే మేం కాదనం. కంటికి ఎందుకు బాగోదో కూడా చెప్పొచ్చు. కిటికీలు ఒకదానికొకటి సంబంధం లేని కొలతల్లో ఉంటాయి. తలుపు మనిషి కొలతకి కాకుండా ఇంటి గొప్పకి పెట్టినట్టుంటుంది. మూల తిరిగేసరికి ఇటుక పోయి సిమెంటు వస్తుంది, నాటకంలో తెర వెనక్కి వెళ్ళినట్టు. పక్కింటి పెరట్లో మధ్యాహ్నానికే నీడ పడుతుంది. ఆ పక్కింటి ముసలామె నలభై ఏళ్ళుగా పెంచుకున్న గులాబీలకి ఎండ రాదు. ఆమె కష్టం అబద్ధం కాదు. చిన్న ఇంటికి అలవాటుపడిన వీధిలో పెద్దది వచ్చి పడితే చిన్నవాటి గాలీ వెలుతురూ పోతాయి. ఇది కొలతలతో తేలే సంగతి, దీనికి జాతి లేదు.

అయితే ఆ ఇల్లు అలా ఎందుకు పుట్టింది? కొనేవాడి రుచి మొరటుదని ఒక్క మాటలో తేల్చేశారు. అసలు కారణం నేల ధర. స్థలం ఖరీదు దాని మీదున్న పాత ఇంటి ఖరీదుని మించిపోయినప్పుడు, ఆ ఇల్లు వ్యాపారి కంటికి అడ్డంగా కనబడుతుంది. పడగొట్టి, చట్టం ఎన్ని చదరపు అడుగులు ఒప్పుకుంటే అన్నీ కట్టి అమ్ముతాడు. ఒక్క అడుగు వదిలినా నష్టమే. అందుకే ఆ ఇళ్ళు పెట్టెల్లా ఉన్నాయి. జోనింగు నియమాలు కాగితం మీద గీసిన ఊహా పెట్టె ఎలా ఉంటుందో అచ్చం అలాగే. హైదరాబాద్ శివార్లలో విల్లాలు చూసినవాళ్ళకి ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు. కట్టిన బిల్డర్లలో తెల్లవాళ్ళు ఉన్నారు, అమ్మిన ఏజెంట్లలో తెల్లవాళ్ళు ఉన్నారు. పాత ఇంటిని మంచి ధరకి అమ్ముకుని వెళ్ళిపోయింది ఆ వీధిలో పుట్టి పెరిగినవాళ్ళే. రాకాసి అనే పేరు మాత్రం కొన్నవాడికి అంటుకుంది.

ఇక ఆ కొత్త ఇల్లు దేనికి తగలేదన్నారో చూడాలి. కెరిస్‌డేల్, షాగ్‌నెసీ పేటల్లో పాత ఇళ్ళు చాలామటుకు ఇంగ్లండు పల్లెటూరి ఇళ్ళకి నకళ్ళు. ట్యూడర్ రాజుల కాలపు తీరులో తెల్ల గోడ మీద నల్ల దూలాలు అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా కనబడతాయి. నాలుగొందల ఏళ్ళ కింద ఇంగ్లండులో ఆ దూలాలే ఇంటి బరువు మోసేవి. వాంకూవర్‌లో అవి గోడకి కొట్టిన పలకలు, ఏ బరువూ మోయవు. ఇటుక పలకలు అతికించిన ముఖం నకిలీ అయితే, పలకలు కొట్టిన దూలం ఏమైనట్టు? అయినా ఒకటి సంప్రదాయం, రెండోది మొరటుతనం! నకలు కొట్టినవాడు పాలకుడైతే కాలం గడిచేసరికి అది వారసత్వం అయిపోతుంది.

షాగ్‌నెసీని 1907 నుంచి కట్టించింది కెనేడియన్ పసిఫిక్ రైల్వే. రైల్వేకి ఆ నేలంతా ప్రభుత్వం రాసిచ్చింది. అక్కడ కట్టే ఇల్లు కనీసం 6,000 డాలర్లది అయి ఉండాలని కంపెనీ షరతు పెట్టింది. ఆ రోజుల్లో మామూలు ఇంటికి అది కొన్ని రెట్లు. కాబట్టి ఆ పేట పుట్టిందే పెద్ద ఇళ్ళ పేటగా, కావాలని, ఇతరులు రాకుండా. అప్పుడు దానికి రాకాసి పేట అన్న పేరు రాలేదు.

పైగా ఆ పెద్ద ఇళ్ళు చైనీయులు లేకుండా నడవలేదు. వంటమనిషి, ఇంటి నౌకరు, తోటమాలి చాలా ఇళ్ళలో చైనీయుడే. ఒక్క ఉదంతం చెప్తాం. 1924 జూలైలో షాగ్‌నెసీలోని ఒక భవనంలో పిల్లల్ని చూసుకునే జానెట్ స్మిత్ అనే స్కాట్లండు యువతి తుపాకి గాయంతో చనిపోయి కనబడింది. అదే ఇంట్లో నౌకరు వాంగ్ ఫూన్ సింగ్. సాక్ష్యం లేకపోయినా నింద అతని మీదికి మళ్ళింది. 1925లో కూ క్లక్స్ క్లాన్ ముసుగు దుస్తుల్లో వచ్చినవాళ్ళు అతన్ని ఎత్తుకుపోయి దాదాపు ఆరు వారాలు బంధించి హింసించారు. తర్వాత కేసులో పోలీసువాళ్ళ పేర్లే బయటికొచ్చాయి. అతని మీద మోపిన హత్యానేరం నిలవలేదు. అదే ఏడు క్లాన్‌వాళ్ళు షాగ్‌నెసీలోని గ్లెన్ బ్రే అనే భవంతిని అద్దెకి తీసుకుని తమ కార్యస్థానం చేసుకున్నారు. ఆ భవంతికి రెండు బురుజులున్నాయి, ఎత్తైన ఇనుప కంచె ఉంది. అది వీధికి తగలేదనే మాట నడిచినట్టు లేదు.

ఊరి అవతల పశ్చిమ వాంకూవర్ కొండ మీద 1930లలో ‘బ్రిటిష్ ప్రాపర్టీస్’ అనే పేట వేశారు. ఐర్లండు సారా వ్యాపారులు గిన్నిస్ కుటుంబం డబ్బు అది. అక్కడి ప్లాట్ల దస్తావేజుల్లో ఒక షరతు ఉండేది. ఆఫ్రికా, ఆసియా జాతుల మనుషులు అక్కడ నివాసం ఉండకూడదు, ఇంటివాళ్ళ నౌకర్లు తప్ప. ఈ ‘తప్ప’ దగ్గర మనం కాసేపు ఆగాలి. ఒకే మనిషి, ఒకే ఒళ్ళు, ఒకే వీధి. చేతిలో చీపురుంటే వీధికి తగినవాడు, దస్తావేజుంటే తగనివాడు. దొరగారి మిద్దెకి రాయి మోసినన్నాళ్ళూ వాడవాళ్ళ చెయ్యి ఊళ్ళో అడుగడుగునా ఉంటుంది, ఏ మైలా లేదు. ఆ చేతులే తమకంటూ ఒక పెంకుటిల్లు లేపినప్పుడే ఊరు చెడిపోతుంది. అక్కడ రంగు, ఇక్కడ కులం. రెండూ ఒకటేనని మేం అనడం లేదు, పనిచేసే తీరు మాత్రం గుర్తుపట్టేలా ఉంది. అలాంటి షరతులు చెల్లవని బ్రిటిష్ కొలంబియా చట్టం చేసేసరికి 1978 వచ్చింది.

దీని వెనక దేశం మొత్తం చట్టాలున్నాయి. రైలు పట్టాలు వేసేదాకా చైనీయులు కావాలి. పట్టాలు పూర్తైన 1885లోనే వాళ్ళ మీద తలపన్ను వేశారు. మొదట 50 డాలర్లు, 1903కి 500 డాలర్లు. 1923లో రాకనే దాదాపు పూర్తిగా ఆపేశారు, 1947 దాకా. మన దేశంవాళ్ళకీ అదే మర్యాద. 1914లో కోమగాటా మారు ఓడలో వచ్చిన 376 మందిలో అత్యధికుల్ని రేవులోంచే వెనక్కి పంపారు. ఓటు 1947లో గాని రాలేదు. 1967లో పాయింట్ల పద్ధతి వచ్చాక తలుపు తెరుచుకుంది, 1986లో పెట్టుబడిదారుల కోసం ఇంకో తలుపు తెరిచారు. హాంకాంగ్‌ని 1997లో చైనాకి అప్పగించే ఒప్పందం 1984లోనే కుదిరింది. 1989లో తియానన్మెన్ జరిగింది. డబ్బున్నవాళ్ళు బయల్దేరారు. వాళ్ళ డబ్బుని కెనడా ప్రభుత్వం పిలిచి మరీ రప్పించుకుంది. డబ్బు వెంట మనుషులూ వచ్చి షాగ్‌నెసీలో ఇల్లు కొంటారని ఎవరూ ఊహించనట్టు నటించడమే వింత.

1990లో కెరిస్‌డేల్‌లో ఒక ఇంటి స్థలంలో ఉన్న రెండు పెద్ద సెకోయా చెట్లు కొట్టేశారు. నిజంగానే మహావృక్షాలు. ఇరుగుపొరుగు గుమిగూడారు, పత్రికలకెక్కింది, పిల్లలు సైతం చెట్ల కోసం వచ్చి నిలబడ్డారు. చెట్టు కొట్టడాన్ని మేం సమర్థించం. కానీ బ్రిటిష్ కొలంబియా అనే రాష్ట్రం నిలబడిందే అడవులు నరికిన డబ్బు మీద. షాగ్‌నెసీ భవంతుల్లో కలప వ్యాపారులవి ఎన్నో. వందల మైళ్ళ అడవి నరికినవాడు మర్యాదస్తుడు, రెండు చెట్లు నరికినవాడు ప్రకృతి ద్రోహి. వాకిలికి ఎదురుగా చెట్టుంటే చైనీయుల ఫెంగ్ షుయ్ ఒప్పుకోదని పత్రికలు వివరణలు ఇచ్చాయి. మన పత్రికల్లో వాస్తుకి వారం వారం పేజీలిచ్చే పెద్దమనుషులు అక్కడుంటే ఏ పక్షం మాట్లాడేవాళ్ళో!

1992లో దక్షిణ షాగ్‌నెసీ ఇళ్ళ సైజు తగ్గించాలా అన్న దాని మీద నగర సభ బహిరంగ విచారణలు పెట్టింది. చైనీయ ఇంటి యజమానులు కూడా సంఘంగా ఏర్పడి వచ్చారు. తాతా నానమ్మా, కొడుకూ కోడలూ, పిల్లలూ ఒకచోట ఉండే కుటుంబాలం, మాకు గదులు కావాలన్నారు. ఆస్తి మాది, హక్కు మాది అన్నారు. ఆ మాటకొస్తే ఈ రెండో వాదం అంతకు ముందు తెల్లవాళ్ళదే. విచారణలు వాడిగా సాగాయి. చివరికి 1990లలో కొన్ని పడమటి పేటలకి కొత్త జోనింగు వచ్చింది. వీధి తీరుకి కలిసేలా కట్టినవాడికి కాస్త ఎక్కువ చదరపు అడుగులు. అంటే అందం కూడా ఒక కొలతగా నియమాల్లోకి ఎక్కింది. వీధి తీరు ఏదంటే 1920లలో ఉన్నది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. హాంకాంగ్ నుంచి వచ్చినవాళ్ళు పీడితులని చెప్పి ఆ ఇళ్ళని మనం నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. వాళ్ళు ధనవంతులు. తల మీద అప్పుతో పెంకు వేసుకున్న వాడ మనిషితో వాళ్ళకి పోలిక లేదు. నగరంలో నేల ధరలు ఎగసి, అద్దెకుండే పేదవాళ్ళకి, వాళ్ళలో పాత చైనాపేట ముసలివాళ్ళకీ, చోటు కరువైంది. ధనికుల మీద వర్గపరమైన విమర్శ చెయ్యాల్సిందే. కానీ షాగ్‌నెసీవాళ్ళు చేసింది ఆ విమర్శ కాదు. వాళ్ళు అడిగింది చిన్న ఇళ్ళనో, పేదలకి ఇళ్ళనో కాదు. అలాంటివి తమ పేటలో రాకుండా ఎప్పటినించో అడ్డుకున్నదీ వాళ్ళే.

ఇంటి వికారం ఎలా పుడుతుందో, ఎలా చస్తుందో చూడాలంటే ధనికుల పేట వదిలి తూర్పు వైపుకి పోవాలి. 1965 నుంచి 1985 దాకా అక్కడ ‘వాంకూవర్ స్పెషల్’ అని ఒక రకం ఇళ్ళు వేలల్లో కట్టారు. నేల మీద నేరుగా కాంక్రీటు, తక్కువ వాలు కప్పు, ముందు మేడ పొడవునా బాల్కనీ, కింద ఇటుక, పైన సిమెంటు. ప్లాను తయారుగా దొరికేది, చవగ్గా, వారాల్లో లేచేది. కింది అంతస్తులో తల్లిదండ్రులో అద్దెకున్నవాళ్ళో ఉండొచ్చు. ఇటలీ, పోర్చుగల్ నుంచి వచ్చిన కూలీలు, చైనీయులు, రంపపు మిల్లుల్లో పనిచేసిన పంజాబీలు వాటిలో బతికారు. నగరమంతా వాటిని వెక్కిరించింది, నియమాలు మార్చి ఆపేసింది. ఇరవై ఏళ్ళు తిరగకుండానే వారసత్వ కట్టడాల సంస్థ టిక్కెట్టు పెట్టి అవే ఇళ్ళ చుట్టూ సందర్శన యాత్రలు నడిపింది. ఇళ్ళు మారలేదు. వాటిలోకి డిజైనర్లు కాపురానికొచ్చారు.

(మాటలో మాట. ఆ పంజాబీలలో దళితులూ ఉన్నారు, ఇరవయ్యో శతాబ్దం మొదటి దశకం నుంచీ. బర్నబీలో గురు రవిదాస్ సభ గుడి వాళ్ళు కట్టుకున్నదే. ఓడలో కులం కూడా దిగిందనడానికి వేరే గుడి అవసరమైందన్నదొక్కటే చాలు. అది ఇంకో వ్యాసం.)

షాగ్‌నెసీ విషయానికొస్తే, 2015లో నగర సభ ఆ పేట పాత భాగాన్ని వారసత్వ రక్షిత ప్రాంతం చేసింది. 1940కి ముందు కట్టిన ఇళ్ళని కూల్చడానికి వీల్లేదు. ఇళ్ళు మంచివే, పనితనం ఉన్నవే. కూల్చి చెత్తకుప్పల్లో పోయడం కన్నా ఉంచడమే మేలు. కానీ ఆ గీత దగ్గర మా కన్ను ఆగింది. 1940 అంటే చైనీయుడికి దేశంలోకి రాక లేదు, ఉన్నవాడికి ఓటు లేదు, షాగ్‌నెసీలో వంటగది తప్ప చోటు లేదు. రక్షించదగిన కాలం అని గీసింది సరిగ్గా అక్కడికే.

అసలు ఆ నేల ఎవరిది? మస్క్వియం, స్క్వామిష్, స్లేవాటూత్ అనే ఆదివాసీ జాతులది. ఎప్పుడూ ఒప్పందం రాసి ఇచ్చింది కాదు. 1958లో మస్క్వియం వాళ్ళ రిజర్వులో 162 ఎకరాలు షాగ్‌నెసీ గోల్ఫ్ క్లబ్బుకి లీజుకి పోయింది. వాళ్ళకి చెప్పిన షరతులు వేరు, ప్రభుత్వ అధికారులు వాళ్ళ తరఫున రాసిన షరతులు వేరు. మొదటి 15 ఏళ్ళకి అద్దె ఏడాదికి 29,000 డాలర్లు. కాగితం కాపీ వాళ్ళకి చాలా ఏళ్ళు చూపించనే లేదు. డెల్బర్ట్ గెరిన్ నాయకత్వంలో కోర్టుకెక్కి 1984లో సుప్రీంకోర్టులో గెలిచారు, కోటి డాలర్ల పరిహారం ఇప్పించారు. గోల్ఫ్ ఆడేవాళ్ళ పచ్చిక మీద ‘తగని చోట ఉంది’ అనే ఫిర్యాదు వినబడలేదు.

స్క్వామిష్ వాళ్ళ సెనాక్ అనే ఊరు నగరం నడిబొడ్డున, బరార్డ్ వంతెన కింద ఉండేది. 1913లో అక్కడి కుటుంబాల్ని బార్జి మీదికెక్కించి పంపేశారు, ఇళ్ళు తగలబెట్టారు. ఆ ఊరి నాయకుడు ఖట్సలానో పేరు మాత్రం కిట్సిలానో అని పేటకి పెట్టుకున్నారు, ఇప్పటికీ అదే పేరు. కోర్టుల చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగాక 2000ల మొదట్లో పదిన్నర ఎకరాలు వెనక్కి వచ్చింది. వంతెన చుట్టూ చీలికలు పేలికలుగా ఉన్న జాగా. ఆ జాగాలో స్క్వామిష్ జాతి 11 టవర్లు కడుతోంది, దాదాపు 6,000 ఇళ్ళు, అద్దెకివ్వడానికి. పని 2022లో మొదలైంది. మరీ ఎత్తు, మరీ ఇరుకు, కిట్సిలానో తీరుకి ఏమాత్రం తగలేదని పొరుగు వీధులవాళ్ళు అన్నారు, ఒక సంఘం కోర్టుకి కూడా వెళ్ళింది. గెలవలేదు. అది రిజర్వు నేల కాబట్టి నగర జోనింగు నియమాలు దానికి వర్తించవు. ఎంత ఎత్తు కట్టాలో, ఎన్ని ఇళ్ళు కట్టాలో స్క్వామిష్ వాళ్ళే తీర్మానించుకున్నారు.